జారుముడి జెండా

మా అత్తగారు మా ఇంట్లో జెండా పాతి చాలాకాలమైంది. పాతినవాళ్లే ఎత్తాలి. ఆవిడ ఎత్తదు. పోనీ నేను ఎత్తేద్దామంటే ఇల్లు నాది. సొంతింట్లోంచి జెండా ఎత్తేసిన మగవాడని మీరే ఈ రన్నింగ్ రూములో నడుం వాల్చి కథలు కథలుగా చెప్పుకుంటారు.

ఎలాగూ చెప్పుకుంటున్నారు. కాబట్టి అసలు కథ నేనే చెబుతాను. చివరిదాకా నవ్వినవాడికి టీ నేను పోయిస్తాను.

గూడ్సు గార్డుని, నాది జెండాల బతుకని మీకు తెలుసు. పచ్చది చూపిస్తే అంత గూడ్సు బండీ కదులుతుంది. ఎర్రది చూపిస్తే ఆగుతుంది. ఇంటికెళితే నా మాటకి పిల్లి కూడా పక్కకి జరిగేది కాదు.

మా ఇల్లు పట్టాలకి ఆనుకునే ఉంటుంది. బండి చివర బ్రేకువ్యానులో నిలబడితే, మా డాబా మీద బట్టలారేసే తీగె తిన్నగా కళ్లముందుకి వస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ తీగె చూసి నాకో ఉపాయం తట్టింది. మా ఆవిడ కోపంగా ఉందన్న సంగతి గుమ్మంలో తెలిసేకన్నా బండిలోనే తెలిస్తే క్యాంటీనులో తినేసి వెళ్లొచ్చు.

రంగు వెలిసి పక్కన పడేసిన జెండాలు రెండు తెచ్చి ఆవిడకిచ్చాను.

"మనసు బాగుంటే పచ్చది కట్టు. బాగోకపోతే ఎర్రది."

"మరి మీ మనసు బాగోకపోతే?"

"నా మనసుతో పనేముంది. వంట నీది."

"అలాగైతే ఎర్రదొక్కటే ఇవ్వండి. పచ్చది దండగ."

అన్నట్టే మొదటిరోజే ఎర్రది కట్టింది. క్యాంటీనులో తిని వెళ్లి అడిగాను.

"ఇవాళ ఏమైంది?"

"మా అమ్మ వస్తానంటే మీరు మొహం ఎలా పెట్టారు?"

"నా మొహమే అంత."

"నా జెండా కూడా అంతే."

"పోనీ, ఒకసారైనా తెల్లజెండా కట్టొచ్చు కదా."

"తెల్లది నా దగ్గర లేదు. మీ జేబులో ఉంటుంది, చూసుకోండి."

నిజమే. పెళ్లయ్యాక నేను జేబురుమాలుతో ముఖం తుడుచుకున్న పాపాన పోలేదు. గుమ్మంలో నిలబడి ఊపడానికే సరిపోయేది.

జెండా కట్టడంలో ఆవిడది జారుముడి. కొస పట్టుకుని ఒక్కసారి లాగితే ఊడొచ్చేస్తుంది. నాది గార్డు ముడి. వేశాక విప్పడం ఉండదు, కోసుకోవడమే. "నా కోపం నా ముడిలాంటిది, మీ కోపం మీ ముడిలాంటిది" అనేది. అప్పుడు అది పొగడ్త అనుకున్నాను.

ఒకరోజు బండిలోంచి చూస్తే పచ్చది కట్టి ఉంది. క్యాంటీను మొహం చూడకుండా ఇంటికొచ్చాను. జెండా కట్టిన మనిషి కట్టి, మెట్లమీద కూర్చుని, అలాగే పోయింది. డాక్టరు గుండె అన్నాడు. అంతా బాగుందని పచ్చజెండా చూపించి అలా చెయ్యడం మా రైల్వేలో నేరం. నేనింకా క్షమించలేదు.

ఆ పచ్చజెండాని ఆవిడ మీదే కప్పి పంపించేశాను. ఎర్రది నా దగ్గర మిగిలింది.

చూడ్డానికొచ్చిన చుట్టాలంతా మర్నాడే బండ్లెక్కారు. మా అత్తగారు మాత్రం గుమ్మంలో విడిచిన చెప్పులు లోపలికి తెచ్చుకుంది. నేను అప్పుడే అనుమానించాల్సింది.

నిజం చెప్పాలంటే ఆవిడతో నాకు పేచీ లేదు. వండుతుంది, ఎదురు చెబుతుంది, రెండూ సమంగానే. పేచీ అంతా గొంతుతో. అచ్చం కూతురి గొంతు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే వంటింట్లోంచి "వచ్చారా" అంటుంది. నా కాళ్లు అక్కడే నిలబడిపోతాయి. లోపలికెళ్లి చూస్తే ముసలావిడ. రోజూ ఒకసారి పెళ్లాం పోతున్నట్టుంటే ఎవడు భరిస్తాడు?

"పెద్దమ్మాయి దగ్గరికి వెళ్లొచ్చు కదా అత్తయ్యా" అని అడిగి చూశాను.

"అక్కడ నాకు వరండాలో మంచం, అల్లుడుగారూ. వానొస్తే మంచాన్ని లోపలికి లాక్కుంటారు. నన్ను మర్చిపోతారు."

"ఈసారి గుర్తు చేద్దాం."

"మీకంత శ్రమ ఎందుకు. ఇక్కడ బాగానే ఉంది."

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. జెండాల భాష ముసలావిడకి తెలుసు. కూతురే ఎర్రజెండా చూపిస్తోందనుకుంటే పెట్టె సర్దుకుంటుంది. నేను పొమ్మనక్కర్లేదు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, డాబా ఎక్కలేదు. పెరట్లోంచి తీగె కనబడుతుంది, అంతే. బతికుండగా మా ఆవిడ ఆ జెండా నా మీద వాడింది. పోయాక నేను వాడుకుంటే తప్పేముంది?

పొద్దున్నే ఎర్రది కట్టి డ్యూటీకి వెళ్లాను.

తిరుగు బండి మధ్యాహ్నం మా ఇంటి వెనక్కి వచ్చింది. ఎండ నిలువునా కాస్తోంది. గాలి లేదు. పెరట్లో ఆకు కదలడం లేదు. బ్రేకువ్యానులోంచి తల తిప్పి తీగె వైపు చూశాను.

పచ్చజెండా.

కొత్త పచ్చ కాదు. వెలిసిన పచ్చ.

ఇంటికొచ్చి తిన్నగా డాబా ఎక్కాను. తీగె మీద నేను కట్టిన ఎర్రదే ఉంది. నేను వేసిన ముడే ఉంది.

రంగులు తప్పు చూసిన గార్డుకి ఉద్యోగం ఉండదు. ఎవరికీ చెప్పకుండా కళ్ల డాక్టరు దగ్గరికెళ్లాను. ఆయన రకరకాల రంగులు చూపించి, "మీ కళ్లు కుర్రవాడి కళ్లలా ఉన్నాయండీ" అన్నాడు. కళ్లు బాగున్నాయన్న మాట విని చెమట పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను.

ఆ సాయంత్రం అత్తగారు టీ గ్లాసు చేతికిస్తూ అడిగింది.

"పైన ఎర్రది కట్టారేం?"

"నేనా? నేనెందుకు కడతాను? ఎవరు కట్టారో ఏమో. ఒకవేళ..."

"ఒకవేళ మా అమ్మాయేనా?"

"నేనా మాట అనలేదు."

"మా అమ్మాయి ముడి జారుముడి. పైనున్నది పశువుని కట్టేసే ముడి. టీ తాగండి, చల్లారుతుంది."

పరువు పోయినా పట్టుదల పోలేదు. మర్నాడు సెలవు పెట్టి డాబా మీద కూర్చుని జారుముడి నేర్చుకోవడం మొదలుపెట్టాను. పెళ్లాం ఉన్నన్నాళ్లూ చూశాను, ఒక్కనాడూ చేతిలోకి తీసుకోలేదు. ఎదురు డాబా మీద మా పక్కింటావిడ ప్రత్యక్షమైంది. ఆవిడకి నేను పెట్టిన పేరు అవుటర్ సిగ్నలు. ఎవరు వీధిలోకొచ్చినా కారణం లేకుండా గేటు దగ్గర ఆపేస్తుంది.

"గార్డుగారూ, ఆ గుడ్డతో ఏంటా కుస్తీ?"

"ఎక్సర్‌సైజు."

"గుడ్డకా, మీకా?"

సాయంత్రానికి ముడి కుదిరింది. అచ్చం మా ఆవిడ వేసినట్టే వచ్చింది. మరీ అచ్చంగా వచ్చింది. చివరి మలుపు తిప్పేటప్పుడు వేళ్లు వాటంతటవే తిరిగాయి. వెనక ఎవరో నిలబడి చేతులు పట్టి దిద్దుతున్నట్టు. వెనక్కి చూశాను. నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు.

పొద్దున్న అత్తగారు పెరట్లో నిలబడి తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"ముడి బాగా కుదిరింది" అంది.

"ఏ ముడి?"

"కానీ అది నాకు కాదు, అల్లుడుగారూ."

"మరెవరికి?"

"మా అమ్మాయి జెండా కట్టేది రైలువైపు. రైల్లో ఉండేది నేనా?"

మా ఆవిడ ఉన్నన్నాళ్లూ మాటకి మాట ఎక్కడ నేర్చుకుందా అనుకునేవాణ్ణి. ఆ రోజు తెలిసింది.

అయినా రోజూ కట్టాను. జారుముడే. ఎర్రదే. మెల్లగా ముసలావిడ మాటలు తగ్గిపోయాయి. గుమ్మంలో అడుగుపెడితే "వచ్చారా" వినబడ్డం మానేసింది. గెలుస్తున్నాననుకున్నాను. గెలుపు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెంచా కింద పడితే ఉలిక్కిపడేవాణ్ణి.

తర్వాతది ఊరంతటికీ తెలుసు, కానీ మీకు తప్పుగా తెలుసు.

ఆ మధ్యాహ్నం కూడా గాలి లేదు. బండి మా ఇంటి వెనక్కి వచ్చింది. చూడకూడదనుకుంటూనే చూశాను. ఎర్రది ఉంది. వేలాడ్డం లేదు. ఊగుతోంది. గాలికి ఊగినట్టు కాదు, మనిషి ఊపినట్టు. అడ్డంగా, అటూ ఇటూ, చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా. చెయ్యి మాత్రం లేదు.

మన నియమం మీకు తెలుసు. పట్టాల పక్కన ఎర్రది ఊగితే బండి ఆగాలి. ఎవరు ఊపారన్నది తర్వాత. అందులో ప్రాణమున్నవాళ్లు ఊపితేనే అని ఎక్కడా లేదు.

బ్రేకు లాగేశాను.

వాకీటాకీలో డ్రైవరు గొంతు మోగింది. వాణ్ణి మీరంతా హారన్ అంటారు కదా, ఊరికే అనరు.

"ఏంటి గురూ, ఏమైంది?"

"ఎర్రజెండా."

"ఎక్కడ?"

"మా డాబా మీద."

వాకీటాకీ గరగరమంది.

"గురూ, నేనూ అటే చూశాను. మీ డాబా మీద ఉత్త తీగె ఉంది."

దిగి కంకర మీద వెనక్కి పరిగెత్తాను. పెరటి తలుపు తోసి లోపలికెళ్లాను. ముందుగదిలో మా అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పులు తొడుక్కుని ఉంది. పక్కన తాడు కట్టిన ట్రంకుపెట్టె.

"ఎక్కడికి?" అన్నాను రొప్పుతూ.

"వరండాకి."

"ఎందుకు?"

"రోజూ ఎర్రజెండా చూపిస్తుంటే నాకర్థం కాదా?"

"అది మీకు కాదన్నారుగా, రైలువైపు అన్నారుగా."

"అన్నాను. మాటకి మాట అన్నాను. మా అమ్మాయి ముడి మీరు నేర్చుకున్నారు చూశారా, అది నన్ను పొమ్మనడానికి నేర్చుకున్నారు. ఇంక ఉండబుద్ధి కాలేదు."

ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే పెట్టె. తాడు కూడా గట్టిగా కట్టుకుంది. నేను చెయ్యాల్సిందల్లా పక్కకి తప్పుకోవడం. నా నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"భోజనం చేశారా?"

ఆవిడ జవాబు చెప్పేలోపు వీధిలో గోల మొదలైంది.

నా బండి సరిగ్గా లెవెల్ క్రాసింగుకి అడ్డంగా ఆగింది. గేటుకి అటుపక్క కార్లు, లారీలు, ఇద్దరు పెళ్లాల మొగుడిలా ఎటూ కదల్లేని బస్సొకటి. ఇవి చాలవన్నట్టు, నల్లజెండాలు పట్టుకున్న ఊరేగింపొకటి. కుళాయిల్లో నీళ్లు రావడం లేదని మున్సిపాలిటీ మీదికి వెళుతున్నారట. దాని నాయకుడికి పుట్టుకతో వచ్చినట్టు చేతిలో మైకుంది.

"మిత్రులారా, మన పోరాటానికి మద్దతుగా రైలే ఆగిపోయింది" అన్నాడు మైకు.

జనం నా ఇంటి మీద పడ్డారు. నన్ను భుజాల మీదికెత్తారు. ఎవరో చేతిలో నల్లజెండా పెట్టారు. నా రెండో చేతిలో డ్యూటీ పచ్చజెండా ఉంది. గార్డుగారు మన జెండా మోస్తున్నారని కేకలు. జెండా నేను మొయ్యడం లేదు, నన్నే మోస్తున్నారని ఎవరికీ వినబడలేదు.

సరిగ్గా అప్పుడే మా ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు.

"ఓహో" అన్నాడు. "బాబుగారు జెండా మార్చారా?"

కిందికి దింపమని నేను, దింపేది లేదని వాళ్లు. చివరికి ఇన్‌స్పెక్టరు కళ్లెర్రజేస్తే దింపారు. నా ఉద్యోగం అక్కడే, గుమ్మం ముందే, గాల్లో వేలాడుతోంది.

"ఎవరి కోసం ఆపావు?"

"ఎర్రజెండా ఊగింది సార్."

"డ్రైవరు ఏమీ లేదంటున్నాడు. ఎవరు ఊపారు?"

ఏం చెప్పను? మా ఆవిడ అని చెప్పనా? ఎక్కడుంది పిలవమంటే?

"నేనే ఊపాను" అంది వెనకనుంచి మా అత్తగారు.

గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పులు లేవు. ఎప్పుడు విప్పిందో చూడలేదు.

"మీరా? ఎందుకమ్మా?"

"అల్లుడుగారు భోజనం డబ్బా మర్చిపోయి వెళ్లారు. ఇద్దామని."

"డబ్బా కోసం గూడ్సు బండిని ఆపుతారా?"

"ప్యాసింజరైతే ఆపేదాన్ని కాదు నాయనా. అందులో మనుషులుంటారు, పనులుంటాయి."

ఊరేగింపు నవ్వింది. మైకు నవ్వు మైకులో వినబడింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఎర్రది ఊగితే గార్డు ఆపాల్సిందే, అందులో నా తప్పు లేదు. వయసు మళ్లిన ఆడమనిషిని ఏమనగలడు?

"విచారణ జరుగుతుంది. అందులో ఈవిడే సాక్షి. అది తేలేదాకా ఈవిడ ఈ ఇల్లు కదలకూడదు. బాధ్యత నీది" అన్నాడు నాతో.

"ఎన్నాళ్లు పడుతుంది బాబూ?" అని అత్తగారు అడిగింది.

"శాఖాపరమైన విచారణ కదమ్మా. తేలినవి నేనింతవరకు చూడలేదు."

"పోనీలెండి. తొందరేం లేదు" అంది అత్తగారు, లోపలికెళ్లి పెట్టె తాడు విప్పుతూ.

బండి వెళ్లింది. గేటు తెరిచారు. నల్లజెండాలు మున్సిపాలిటీ దారి పట్టాయి. ఇల్లు సద్దుమణిగాక వంటింట్లోకెళ్లి గుసగుసగా అడిగాను.

"అత్తయ్యా, నిజంగా మీరే ఊపారా?"

"నా మోకాళ్లతో ఆ మెట్లా?"

"మరి జెండా ఎలా ఊగింది?"

"ఏ జెండా?"

"ఎర్రది. తీగె మీదిది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చెయ్యి తుడుచుకుని ముందుగదిలోకి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత తెరిచింది. బట్టలన్నిటికీ అడుగున, నాలుగు మడతలు పెట్టి, ఎర్రజెండా.

"మీరు డ్యూటీకి వెళ్లగానే పక్కింటావిడ చేత విప్పించాను. అమ్మాయి గుర్తుగా తీసుకెళదామని. పొద్దుటినుంచి పెట్టెలోనే ఉంది."

"మరి నేను చూసింది?"

"నన్నడుగుతారేం. రైల్లో ఉండేది నేనా?"

ఆ రోజు మేమిద్దరం దీపాలు కాస్త పెందరాళే వేసుకున్నాం.

ఇంక దాచేదేముంది, ఓడిపోయాను. కానీ ఎవరికి లొంగిపోవాలో తేలలేదు. కింద ఉన్నావిడకా, పైన ఉన్నావిడకా? తర్వాతి డ్యూటీ రోజు జేబురుమాలు తీసి తీగెకి కట్టాను. తెల్లది. గార్డు ముడి. బిగించి, మళ్లీ బిగించి. లొంగిపోయినా నా ముడితోనే లొంగిపోదామని.

మధ్యాహ్నం బండిలోంచి చూశాను. తెల్లది తెల్లగానే ఉంది. ఊగలేదు. రంగు మారలేదు. హమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో అడుగుపెట్టాను.

"వచ్చారా" అంది వంటింట్లోంచి.

చాలా రోజుల తర్వాత వినబడింది. ఈసారి కాళ్లు ఆగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి జవాబు చెప్పాను. "వచ్చాను."

రుమాలు తెచ్చుకుందామని అటునుంచి అటే డాబా ఎక్కాను. తీగె దగ్గరికెళ్లి, జేబులోంచి కత్తి తీసి, ముడి కొయ్యబోయి ఆగాను.

జారుముడి.

కొస పట్టుకుని లాగాను. ఒక్కసారికే ఊడొచ్చి చేతిలో పడింది.

కింద వీధిగేటు కిర్రుమంది. తొంగిచూశాను. మా అత్తగారు అవుటర్ సిగ్నలు ఇంటినుంచి, మోకాళ్లు పట్టుకుంటూ, నెమ్మదిగా లోపలికొస్తోంది. తలెత్తి నన్ను చూసింది.

"ఎప్పుడొచ్చారు అల్లుడుగారూ? తలుపు తాళం వేసే వెళ్లానే. పక్కింటావిడ కబుర్లలో పడి పొద్దే తెలీలేదు."

తలుపు నాకు తెరిచే ఉంది. ఆ సంగతి ఆవిడతో అనలేదు. రుమాలు మళ్లీ తీగెకే కట్టాను. ఈసారి జారుముడే వేశాను. వేళ్లు వాటంతటవే తిరిగాయి. వెనక్కి మాత్రం చూడలేదు.

ఏం, ఎవరూ నవ్వరేం? టీ ఎవరికీ వద్దా?